బెర్ఖెస్: గుడ్డు లేని, బంగాళాదుంప కలిపిన జర్మన్ యూదుల జడ రొట్టె – తరచుగా అడిగే ప్రశ్నలు

బెర్ఖెస్ అంటే ఏమిటి? హల్లా అంటే ఇదేనా?

అదే కుటుంబం, వేరే ఊరు. యూదులు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు (వారపు విశ్రాంతి దినం) పాటిస్తారు. ఆ భోజనాలప్పుడు బల్ల మీద పెట్టే రొట్టెను ఇప్పుడు అందరూ హల్లా అంటున్నారు. ఫొటోల్లో మనకు కనిపించే హల్లా చాలావరకు తూర్పు యూరప్ నుంచి వచ్చిన రకం. గుడ్లు, చక్కెర, నూనె దండిగా పడతాయి కాబట్టి లోపల పసుపుపచ్చగా, తినడానికి కాస్త తియ్యగా ఉంటుంది.

బెర్ఖెస్ జర్మనీ యూదులది, అందులోనూ ఎక్కువగా దక్షిణ, పశ్చిమ ప్రాంతాల వాళ్ళది. పిండిలో గుడ్డు వెయ్యరు. తీపి పేరుకే. చాలా ఇళ్ళలో ఉడికించిన బంగాళాదుంప కలుపుతారు. పైన గసగసాలు. కోస్తే లోపల తెల్లగా, దూదిలా కాకుండా కొంచెం తేమతో, నమిలితే కమ్మగా ఉంటుంది. గుడ్డు తినని ఇంట్లో హల్లా చెయ్యాలనుకునేవాళ్ళు గుడ్డుకు బదులు ఏం వెయ్యాలా అని వెతుకుతుంటారు. బెర్ఖెస్‌లో అసలు ఆ ప్రశ్నే రాదు.

ఆ పేరు ఎలా పలకాలి? ఎక్కడి నుంచి వచ్చింది?

తెలుగులో ‘బెర్ఖెస్’ అని రాస్తున్నాం గానీ, జర్మన్లు ఆ మధ్య అక్షరాన్ని ‘హ’కీ ‘ష’కీ నడుమ ఎక్కడో పలుకుతారు. కొన్నిచోట్ల ‘బార్ఖెస్’ అంటారు. పేరు గురించి వాదనలు చాలా ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది బైబిల్ సామెతల గ్రంథం 10:22తో ముడిపడింది: దేవుడి ఆశీర్వాదమే ఐశ్వర్యం ఇస్తుంది అనే వాక్యం. హీబ్రూలో అది ‘బిర్కత్’ అనే మాటతో మొదలవుతుంది. రొట్టె పెట్టే పళ్ళేల మీద ఆ వాక్యం చెక్కించుకోవడం జర్మన్ యూదుల ఇళ్ళలో ఉండేది. చూసి చూసి ఆ మొదటి మాటే రొట్టెకు పేరైందంటారు. పెర్ఖ్తా అనే జర్మన్ జానపద దేవత పేరుతో ముడిపెట్టేవాళ్ళూ ఉన్నారు. నాకైతే పళ్ళెం కథే నమ్మబుద్ధవుతుంది.

రొట్టెలో బంగాళాదుంప ఎందుకు?

మొదటి కారణం ఖర్చు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ దుంపను జర్మన్ రైతులు మొదట్లో నమ్మలేదు. అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1756లో దుంప పండించమని ఏకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత అదే పేదల తిండి అయింది. తెల్ల గోధుమ పిండి ఖరీదు. వారమంతా రై అనే ధాన్యంతో చేసిన నల్లటి రొట్టె తిన్నా, సబ్బాతు నాడు తెల్ల రొట్టె ఉండాలి. నాలుగు దుంపలు కలిపితే ఉన్న పిండే కలిసొస్తుంది.

రెండో కారణం రుచి చూస్తే తెలుస్తుంది. ఉడికిన దుంపలోని గంజి అప్పటికే నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, ఆ నీటిని అంత తేలిగ్గా వదలదు. అందుకే రొట్టె రెండో రోజు కూడా మెత్తగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం కాల్చిన రొట్టెను శనివారం మధ్యాహ్నం దాకా తినాలి, నడుమ మళ్ళీ కాల్చడానికి వీల్లేదు. సబ్బాతు నాడు నిప్పు వెలిగించరు, వంట చెయ్యరు. ఆ అవసరానికి దుంప అతికినట్టు సరిపోయింది. ఈస్ట్ కూడా దుంప నీళ్ళలో చురుగ్గా పనిచేస్తుంది. అందుకే దుంపలు ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి.

కొలతలు చెప్పండి.

రెండు మధ్యరకం రొట్టెలకు: మైదా 500 గ్రాములు, ఉడికించి తొక్క తీసి మెదిపిన బంగాళాదుంప 200 గ్రాములు, ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, చక్కెర 15 నుంచి 20 గ్రాములు, వాసన లేని నూనె 30 మిల్లీలీటర్లు, దుంపలు ఉడికించిన నీళ్ళు (చల్లారినవి) 150 మిల్లీలీటర్లు. ఇంకో 30 మిల్లీలీటర్ల నీళ్ళు పక్కన పెట్టుకోండి, అవసరమైతేనే పొయ్యండి. పైన చల్లడానికి గసగసాలు రెండు చెంచాలు.

దయచేసి తూకం వెయ్యండి. ‘రెండు మీడియం దుంపలు’ అంటే మా ఇంట్లో 180 గ్రాములు, మా అక్క వాళ్ళింట్లో 310. ఈ రొట్టె ఎక్కువగా చెడేది అక్కడే.

ఏ బంగాళాదుంప మంచిది?

ఉడికితే పొడిపొడిగా విడిపోయేది. కొత్త దుంపల్లో నీళ్ళెక్కువ, పిండి జారిపోతుంది. పాతబడినవి, తొక్క మందంగా ఉన్నవి ఏరుకోండి. చిప్స్ కోసం పండించే చిప్సోనా రకం దొరికితే ఇంకా మంచిది. అమెరికాలో ఉన్నవాళ్ళకు రస్సెట్ దుంపలు, జర్మనీలో ఉన్నవాళ్ళకు సంచి మీద ‘మేలిగ్ కోఖెండ్’ అని రాసి ఉండేవి.

తొక్కతోనే ఉడికించండి. ముక్కలు కోసి ఉడికిస్తే నీళ్ళు తాగేస్తాయి. ఉడికాక తొక్క తీసి, ఖాళీ గిన్నెలో సన్నటి మంట మీద ఒక నిమిషం ఆరనివ్వండి. వేడి మీదే పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో ఒకసారి రుద్ది, పూర్తిగా చల్లారనివ్వండి.

రెండు తప్పులు నేను ఒకే రోజు చేశాను. మొదటిది, పని తొందరగా అవుతుందని దుంపను మిక్సీలో వేశాను. బ్లేడు దెబ్బకు గంజంతా బయటికొచ్చి, పోస్టర్లు అంటించే జిగురులా తయారైంది. రెండోది, ఆ జిగురు వేడిగా ఉండగానే ఈస్ట్‌తో కలిపాను. ఈస్ట్ చచ్చిపోయింది. మూడు గంటలు చూసినా పిండి కదల్లేదు. చివరికి దాన్ని పెనం మీద రొట్టెల్లా కాల్చుకు తిన్నాం. బానే ఉన్నాయి, అది వేరే సంగతి.

మైదా సరిపోతుందా? గోధుమ పిండి వాడొచ్చా?

సరిపోతుంది. మన మైదాలో ప్రొటీన్ కాస్త తక్కువ, పైగా దుంపలో గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్) ఉండదు కాబట్టి పిండి ఇంకొంచెం బలహీనమవుతుంది. అందుకే బాగా పిసకాలి. బ్రెడ్ ఫ్లోర్ (ప్రొటీన్ ఎక్కువుండే పిండి) దొరికితే అదే వాడి, ఆ పక్కన పెట్టుకున్న నీళ్ళు కూడా పొయ్యండి. జర్మనీలో అయితే టైప్ 550. తాజా ఈస్ట్ అక్కడ 42 గ్రాముల బిళ్ళగా వస్తుంది, ఈ కొలతకు సగం బిళ్ళ. ఆటా 100 గ్రాముల దాకా కలపొచ్చు. అంతా ఆటాతో చేస్తే బరువుగా వస్తుంది, అది బెర్ఖెస్ అనిపించుకోదు.

పిండి చేతికి అంటుకుంటోంది. ఇంకా మైదా కలపనా?

వద్దు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

దుంప పిండి మొదటి ఐదు నిమిషాలు భయపెడుతుంది. గిన్నెకు అంటుతుంది, వేళ్ళకు అంటుతుంది, ఎటు లాగినా సాగుతుంది. పూరీ పిండి అలవాటైన చెయ్యి వెంటనే డబ్బా వైపు పోతుంది. గుప్పెడు మైదా పడుతుంది, కాసేపటికి ఇంకో గుప్పెడు. గంట తర్వాత రాయిలాంటి రొట్టె.

దాని బదులు ఇలా చెయ్యండి. ఉప్పు తప్ప మిగతావన్నీ పిండి తడిసేంత వరకే కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలెయ్యండి. మైదా నీళ్ళు పీల్చుకుని, జిగురు సగం తగ్గుతుంది. అప్పుడు ఉప్పు చల్లి, అరచేతులకు రెండు చుక్కల నూనె రాసుకుని, గట్టు మీద వేసి పది పన్నెండు నిమిషాలు పిసకండి: అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, పావు వంతు తిప్పి, మళ్ళీ తొయ్యడం. ఏడో నిమిషం దగ్గర మార్పు తెలుస్తుంది. గట్టును వదిలి ముద్దకు ముద్దగా లేస్తుంది. పైచర్మం నున్నగా అవుతుంది, వేలితో నొక్కితే నెమ్మదిగా పైకొస్తుంది. అప్పటికీ కొంచెం తడిగానే ఉంటుంది. ఉండాలి కూడా. బొబ్బట్ల పిండి పట్టినవాళ్ళకు ఆ మెత్తదనం ఏంటో చెప్పనక్కర్లేదు. దానికంటే ఒక పిసరు గట్టిగా ఉంటే చాలు.

పదిహేను నిమిషాలు పిసికినా ముద్ద కట్టకపోతే మాత్రం దుంపలో నీళ్ళెక్కువ. ఒక చెంచా మైదా, ఆపైన ఇంకో చెంచా. గుప్పెళ్ళు కాదు.

ఎంతసేపు పొంగనివ్వాలి? మే నెలలో ఏం చెయ్యాలి?

ముద్ద రెట్టింపు అయ్యేదాకా. గడియారం చూసి కాదు. వంటగది 27, 28 డిగ్రీలుంటే గంట నుంచి గంటన్నర. విజయవాడ ఎండల్లో నలభై నిమిషాల్లోనే గిన్నె దాటొచ్చు, అలా ఎక్కువ పులిస్తే రొట్టె పుల్లగా, చదునుగా వస్తుంది. ఎండాకాలం ఈస్ట్ 4 గ్రాములకు తగ్గించి, ఫ్రిజ్ నీళ్ళతో కలపండి. ఇంకా సులువు: గురువారం రాత్రి కలిపి, అరగంట బయట ఉంచి, మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. శుక్రవారం చల్లటి పిండితో జడ అల్లడం కూడా తేలిక.

బెర్ఖెస్ జడ మామూలు హల్లా జడ లాంటిదేనా?

కొందరు మామూలుగా మూడు, నాలుగు పాయలతో అల్లుతారు. కానీ బెర్ఖెస్‌కు పాత పద్ధతి ఒకటి ఉంది: కింద కోలగా ఉండే నున్నటి రొట్టె, దాని వీపు మీద సన్నటి జడ. అలంకారమంతా పైనే. పూలజడ అంత హంగు లేకపోయినా, వీపు మీద వాలిన జడలాగే ఉంటుంది.

ముద్ద మొత్తం దాదాపు 930 గ్రాములు వస్తుంది. రెండు భాగాలు చెయ్యండి. ఒక్కో భాగంలో 350 గ్రాములు అడుగు రొట్టెకు, మిగిలిన 115 గ్రాములు జడకు. అడుగు ముద్దను గుండ్రంగా చేసి పది నిమిషాలు ఆగి, అరచేత్తో చదును చేసి, చాపలా బిగించి చుట్టి, 24 సెంటీమీటర్ల పొడవున కోలగా తయారుచెయ్యండి. అతుకు కిందికి ఉండాలి.

జడకు మూడు పాయలు, ఒక్కోటి 38 గ్రాములు. గట్టు మీద పిండి చల్లకండి. చల్లితే పాయ దొర్లకుండా జారుతుంది. రెండు అరచేతులూ మధ్యలో పెట్టి, నొక్కుతూ బయటికి జరుపుతూ 30 సెంటీమీటర్లు సాగదీయండి. రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంటే బలవంతం చెయ్యకుండా వదిలేసి రెండో పాయ మొదలుపెట్టండి, తిరిగొచ్చేసరికి మాట వింటుంది. మూడూ పక్కపక్కన పేర్చి, మధ్య నుంచి మొదలుపెట్టి ఒక కొస దాకా అల్లండి, తర్వాత తిప్పి రెండో కొస అల్లండి. అలా చేస్తే రెండు వైపులా ఒకే లావు వస్తుంది. పాప జడ వేసినట్టు బిగించి లాగకండి. పిండి ఇంకా పొంగాలి. బిగిస్తే ఓవెన్‌లో పాయలు తెగుతాయి.

ఇప్పుడు అడుగు రొట్టె నడినెత్తిన అరచేతి అంచుతో పొడవునా ఒక గాడి నొక్కండి. గాడిలో తడి వేలు రాసి, జడను అందులో కూర్చోబెట్టి, రెండు కొసలనూ రొట్టె కిందికి మడిచి నొక్కండి. ఈ గాడి మర్చిపోతే జడ కాలేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతుంది, టోపీ జారిన మనిషిలా ఉంటుంది. రుచికి ఢోకా లేదు.

అల్లాక 35 నుంచి 45 నిమిషాలు మళ్ళీ పొంగాలి. వేలితో నొక్కితే సొట్ట నిదానంగా, సగమే పూడితే ఓవెన్‌కు సిద్ధం.

గుడ్డు రాయకుండా ఆ మెరుపు ఎలా వస్తుంది?

పిండిలో గుడ్డు లేకపోయినా పైన గుడ్డు రాసేవాళ్ళు ఉన్నారు. మీకు వద్దనుకుంటే ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, పలచటి పారదర్శకమైన గంజి అయ్యేదాకా మరిగించండి. చల్లార్చి, కాల్చే ముందు బ్రష్‌తో ఒకసారి రాసి, వెంటనే గసగసాలు చల్లండి. ఓవెన్ నుంచి తీసిన క్షణమే రెండోసారి రాయండి. చీరకు గంజి పెట్టినట్టే. గుడ్డంత ముదురు రంగు రాదు గానీ మెరుపు వస్తుంది.

మన తెల్ల గసగసాలు పనికొస్తాయా?

వస్తాయి. జర్మనీలో వాడేవి నీలం నలుపు కలిసిన రంగులో ఉంటాయి, మొక్క మాత్రం ఒకటే. బంగారు రంగు రొట్టె మీద నల్లవైతే బాగా కనిపిస్తాయి, రుచిలో తేడా కొంచెమే. యూఏఈ, సౌదీల్లో ఉన్నవాళ్ళు ఊరి నుంచి తెప్పించుకుందామని అనుకోవద్దు. అక్కడ గసగసాలు నిషేధం, సామానులో దొరికితే పెద్ద టెన్షన్. హాయిగా నువ్వులు చల్లుకోండి. నువ్వుల హల్లా కూడా యూదుల్లో చాలాచోట్ల ఉన్నదే.

రొట్టె మీద గింజలకు ఒక అర్థం చెబుతారు. ఎడారిలో యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారం ధనియాల గింజల్లా తెల్లగా ఉండేదని నిర్గమకాండంలో ఉంది. గింజలు దాని గుర్తట.

ఓటీజీలో ఎంతసేపు? కుక్కర్‌లో చెయ్యొచ్చా?

200 డిగ్రీలకు పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, రొట్టె పెట్టాక 10 నిమిషాలు అలాగే, తర్వాత 180కి తగ్గించి 18 నుంచి 22 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి కింది అరలో పెట్టండి. జడ త్వరగా ఎర్రబడుతుంటే పైన ఫాయిల్ కప్పండి. అయిందో లేదో రంగు చూసి తేల్చకండి. దుంప రొట్టె బయట ఎర్రగా అయినా లోపల పచ్చిగా ఉండొచ్చు. థర్మామీటర్ ఉంటే లోపల 93 నుంచి 96 డిగ్రీలు. లేదంటే తిరగేసి అడుగున వేలితో కొట్టండి. డొల్లగా మోగాలి.

కుక్కర్‌లో రొట్టె అవుతుంది, పైన రంగు రాదు. జడకు అదే అందం కాబట్టి నేను చెయ్యమనను.

నీళ్ళకు బదులు పాలు, నూనెకు బదులు నెయ్యి వేస్తే?

మీ ఇంట్లో తినడానికైతే మీ ఇష్టం, మెత్తగానే వస్తుంది. యూదుల రొట్టెలో మాత్రం వెయ్యరు. మాంసం, పాలు కలిపి తినకూడదన్నది వాళ్ళ ఆహార నియమం. సబ్బాతు భోజనంలో మాంసం ఉంటుంది కాబట్టి రొట్టెలో పాలు, వెన్న, నెయ్యి ఉండకూడదు. యూదు స్నేహితులకు ఇవ్వడానికి చేస్తుంటే ఇంకో మాట: నియమాలు గట్టిగా పాటించే ఇంట్లో పదార్థాలు సరిపోవడంతో అయిపోదు, గిన్నెలు, ఓవెన్ కూడా చూస్తారు. ముందే అడగండి, నొచ్చుకోకండి. మడి కట్టుకుని వండే ఇల్లు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

పిండిలోంచి చిన్న ముద్ద తీసి కాల్చేస్తారట, నిజమేనా?

నిజమే, హల్లా అనే పేరు అసలు ఆ ముద్దదే. పిండిలో తొలి భాగం దేవుడికి ఇవ్వాలని సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఉంది. అప్పట్లో పూజారులకు ఇచ్చేవారు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక ఇవ్వడానికి వీల్లేక, చిన్న ముద్ద తీసి కాల్చేస్తారు. ఎక్కువమంది పాటించే లెక్కలో దాదాపు 1.2 కిలోల పిండి దాటితే ముద్ద తియ్యాలి. మన అర కిలోకు ఆ పని లేదు.

రెండు రొట్టెలే ఎందుకు? పైన బట్ట ఎందుకు కప్పుతారు?

శుక్రవారం నాడు మన్నా రెండింతలు కురిసేది, శనివారం ఏరుకోవడానికి బయటికి వెళ్ళే పని లేకుండా. రెండు రొట్టెలు దానికి గుర్తు. బట్ట సంగతి నాకు చాలా ఇష్టం. మామూలుగా అయితే ముందు రొట్టె మీద ప్రార్థన చెప్పాలి. సబ్బాతు నాడు మాత్రం మొదట ద్రాక్షారసం మీద చెబుతారు. తన వంతు వెనక్కి పోయిందని రొట్టె చిన్నబుచ్చుకోకుండా, చూడకుండా కప్పుతారట. తర్వాత బట్ట తీసి, ముక్క ఉప్పులో అద్దుకుని తింటారు.

జర్మనీలో ఇప్పటికీ దొరుకుతుందా? మన దగ్గర యూదులు చేస్తారా?

1933లో జర్మనీలో అయిదు లక్షలకు పైగా యూదులు ఉండేవారు. నాజీల పాలనలో వాళ్ళలో చాలామందిని చంపేశారు, చాలామంది దేశం విడిచిపోయారు. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ హైట్స్‌లో ఎంతమంది స్థిరపడ్డారంటే, ఆ పేటను ‘హడ్సన్ ఒడ్డున ఫ్రాంక్‌ఫర్ట్’ అని పిలిచేవారు. బెర్ఖెస్ వాళ్ళతోపాటే వెళ్ళింది. జర్మనీలో యూదులు లేకుండాపోయిన కొన్ని ఊళ్ళలో కూడా మామూలు బేకరీలు ఆ పేరుతోనే గసగసాల జడ రొట్టె అమ్ముతూ వచ్చాయి. చేసినవాళ్ళు పోయి రొట్టె మిగలడం అనేది నాకు మింగుడుపడని విషయం.

మన దగ్గర గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది. వాళ్ళ దారి వేరు. జర్మన్ బెర్ఖెస్‌తో వాళ్ళకు సంబంధం లేదు.

నా రొట్టె పక్కన చీలిపోయింది. ఏం తప్పు చేశాను?

రెండోసారి తక్కువ పొంగింది. ఓవెన్ వేడికి ఒక్కసారిగా ఉబ్బి, జడ కింద అతుకు దగ్గర నోరు తెరిచింది. ఈసారి ఇంకో పదిహేను నిమిషాలు ఆగండి. పైచర్మం ఆరిపోయి తోలులా అయితే కూడా చీలుతుంది, అందుకే పొంగేటప్పుడు తడిబట్ట కప్పండి. దీనికి రివర్స్‌లో, రొట్టె పక్కలకు పరుచుకుపోయి జడ మునిగిపోయిందంటే ఎక్కువ పొంగింది లేదా దుంప తడి.

ఎన్నాళ్ళు నిలవుంటుంది? మిగిలితే?

బట్టలో చుట్టి డబ్బాలో పెడితే చలికాలం మూడు రోజులు. ఎండాకాలం రెండో రోజుకే వాసన చూసుకోండి, దుంప ఉంది కాబట్టి బూజు త్వరగా పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, అప్పటికప్పుడు పెనం మీద వేడి చేసుకోండి.

మిగిలినదానితో దక్షిణ జర్మనీ యూదులు ‘షాలెట్’ అనే ఓవెన్ పుడ్డింగ్ చేసేవారు: నానబెట్టిన పాత రొట్టె, ఆపిల్, ఎండుద్రాక్ష. మేం మటుకు డబుల్ కా మీఠా చేసేస్తాం. దుంప రొట్టె నేతిలో వేగితే బయట కరకరలాడుతుంది గానీ పాకంలో ఎక్కువసేపు ఉంచితే విడిపోతుంది, కాబట్టి ముంచిన నిమిషంలో తీసెయ్యాలి.